మీకు తెలుసా? ఒక్క కాగితం పడితే రోడ్డు ఇంకా శుభ్రం!

కాస్త ఇటు జరగండి, చెవిలో చెబుతా. నేల అద్దంలా మెరుస్తుంటే జనం అస్సలు చెత్త వెయ్యరు అనుకుంటున్నారు కదా? అంతకన్నా తక్కువ వేసే చోటు ఇంకోటి ఉంది! అమెరికాలో రాబర్ట్ చాల్డీనీ అనే మనస్తత్వ శాస్త్రవేత్త బృందం దారిన పోయేవాళ్ళ చేతిలో కరపత్రాలు పెట్టి, చాటుగా లెక్క కట్టింది. నేల పూర్తిగా శుభ్రంగా ఉన్నప్పుడు నూటికి 18 మంది పారేశారు. ముందే ఒకే ఒక్క కాగితం పడి ఉన్నప్పుడు? 10 మందే! ఆ ఒక్కటి కంట్లో నలుసులా పొడుస్తుందన్నమాట. "ఇంత చక్కటి చోట ఎవడు పడేశాడ్రా!" అనిపించి మన చెయ్యి వెనక్కొస్తుంది!

అదే నేల మీద 8 కాగితాలు పడి ఉంటే? 41 మంది పారేశారు! ఒక కాగితం కాపలాదారు, ఎనిమిది కాగితాలు ఆహ్వాన పత్రిక!

చెత్త ఒక్క చెత్తనే పిలుస్తుందా? ఇంకేవో కూడా పిలుస్తుందట! నెదర్లాండ్స్‌లోని గ్రోనింగెన్ పట్టణంలో పరిశోధకులు ఓ తమాషా చేశారు. పోస్టు డబ్బాలోంచి కవరు ఒకటి సగం బయటికి వేలాడేలా పెట్టారు. లోపల 5 యూరోల నోటు! బయటికి కనబడుతూనే ఉంటుంది. చుట్టూ శుభ్రంగా ఉన్నప్పుడు నూటికి 13 మంది ఆ కవరు కొట్టేశారు. డబ్బా చుట్టూ చెత్త చల్లారు. అంతే! దొంగలు 25 మంది అయ్యారు! చెత్త పక్కన నిలబడితే చేతివాటం కూడా పెరుగుతుందన్నమాట.

ఆ ఊళ్ళోనే ఇంకోటి! సైకిళ్ళు నిలిపే సందులో ప్రతి సైకిలుకీ ఒక కరపత్రం తగిలించారు. పక్కన చెత్తకుండీ లేదు. గోడ శుభ్రంగా ఉన్న రోజు 33 శాతం మంది కింద పడేశారు. గోడ మీద పిచ్చి గీతలు గీసి ఉంచిన రోజు ఏకంగా 69 శాతం! కరపత్రం అదే, సందు అదే. మారింది గోడ ఒక్కటే!

కళ్ళ బొమ్మకి కూడా జనం జంకుతారు! ఒట్టు! ఇంగ్లండ్‌లోని న్యూకాజిల్ విశ్వవిద్యాలయం క్యాంటీన్‌లో గోడ మీద రెండు కళ్ళ బొమ్మ అంటించారు. ఒకసారి పువ్వుల బొమ్మ, ఇంకోసారి కళ్ళ బొమ్మ. కళ్ళు చూస్తున్నప్పుడు తిన్న ప్లేట్లు వదిలేసి పోవడం సగానికి పడిపోయిందట! 2011లో అచ్చయింది ఈ సంగతి. కొత్త ఇంటికి కళ్ళు పెద్దవి చేసి దిష్టిబొమ్మ కట్టే మన మేస్త్రీలకి ఎవరైనా ఒక కాపీ పంపితే బాగుండు!

అన్నట్టు, మనకీ ఓ సొంత కళ్ళ బొమ్మ ఉంది. గోడ మీద దేవుడి టైల్స్! ఒక దేవుడితో ఆగట్లేదని 3 మతాల గుర్తులూ వరసగా అంటించే గోడలు ఎన్ని చూడలేదు మనం! ఆ గోడ కింద ఉమ్మాలన్నా, సంచి విసరాలన్నా చెయ్యి రాదు. మరి టైల్స్ అయిపోయిన చోటి నుంచి అడుగు దూరంలో? అక్కడ కుప్ప! దేవుడి చూపు అడుగు దూరం దాటదని లెక్క కాబోలు!

ముగ్గు కూడా కాపలా కాస్తుంది! మన ఊళ్ళలో మున్సిపాలిటీ వాళ్ళు కుప్ప ఎత్తేసిన చోట నీళ్ళు చల్లి ముగ్గు వేస్తున్నారు, చూశారా? ఆ చోటికి వాళ్ళ భాషలో ఓ పేరు కూడా ఉంది. గార్బేజ్ వల్నరబుల్ పాయింట్, పొట్టిగా జీవీపీ! మా వీధి మూల కూడా అలాంటిదే. పొద్దున ఎత్తితే సాయంత్రానికి కుప్ప. నేను ఫొటో తీసి ఫిర్యాదు పెట్టిన ప్రతిసారీ ఎత్తారు, ప్రతిసారీ మళ్ళీ పడింది. చివరికి ఎదురింటి పిన్నిగారు 2 పూలకుండీలు పెట్టి, ఇంత ముగ్గేశారు. సంచి పట్టుకొచ్చిన పెద్దమనిషి ముగ్గు తొక్కలేక అలాగే నిలబడిపోయాడు! నా ఫోను చెయ్యలేని పని పిండి చేసింది!

చెత్తకుండీలు తీసేస్తే ఊరు శుభ్రపడుతుందా? పడుతుంది! మన సూర్యాపేటే సాక్ష్యం! 2003 నాటికే ఆ పట్టణం వీధుల్లో చెత్తకుండీలు లేని ఊరుగా పేరు తెచ్చుకుంది. స్వచ్ఛ భారత్ మాట పుట్టకముందే! కిటుకు చిన్నదే. బండి ఇంటి ముందుకే వచ్చింది. కుండీ ఉంటే దాని చుట్టూ కుప్ప, కుప్ప చుట్టూ కుక్కలు, కుక్కల చుట్టూ ముక్కు మూసుకున్న మనం. కుండీయే లేకపోతే? సంచి ఇంట్లోనే ఉంటుంది, బండి వచ్చేదాకా!

తైవాన్‌లో చెత్త బండి బీథోవెన్ సంగీతం వాయిస్తుంది! నిజంగానే! 'ఫర్ ఎలీజ్' అనే పియానో బాణీ వీధిలో వినబడగానే జనం సంచులు పట్టుకుని పరుగు. అక్కడ బండ్లకి ప్రధానంగా 2 బాణీలే! రూలు ఒక్కటే, చెత్త నేలని తాకకూడదు. సంచి చేతిలోంచి బండిలోకే! అక్కడి పిల్లలు బీథోవెన్ వింటే పియానో గుర్తుకు రాదట, చెత్త గుర్తొస్తుందట! మన స్వచ్ఛ ఆటో పాట విన్నా అంతే కదా, స్నానం మధ్యలో ఉన్నా కాలు బయటికి లాగుతుంది!

హైదరాబాద్‌లో ఇంటింటికీ ఆకుపచ్చ బుట్ట, నీలం బుట్ట పంచారు, గుర్తుందా? తడి చెత్తకి ఒకటి, పొడి చెత్తకి ఒకటి. మొత్తం ఎన్నో తెలుసా? 44 లక్షలు! వాటిలో ఎన్ని బియ్యం డబ్బాలయ్యాయో, ఎన్ని తులసి కోటలయ్యాయో మాత్రం అడక్కండి!

తెలంగాణలో ప్రతి గ్రామ పంచాయతీకి ఒక ట్రాక్టరు వచ్చింది! పల్లె ప్రగతి కింద 12,769 పంచాయతీలు! ట్రాలీ, నీళ్ళ ట్యాంకరు కూడా జతగా వచ్చాయి. పొద్దున అదే బండి చెత్త ఎత్తుతుంది, సాయంత్రం అదే బండి మొక్కలకి నీళ్ళు పోస్తుంది!

ఇక ఆంధ్రప్రదేశ్‌లో చీపురుకి ఓ తిథి ఉంది! ప్రతి నెలా 3వ శనివారం! స్వచ్ఛ ఆంధ్ర దినమని 2025 జనవరి నుంచి మొదలైంది.

శనివారం అంటే గుర్తొచ్చింది. ఆఫ్రికాలోని రువాండాలో నెలలో చివరి శనివారం దేశం దేశమంతా వీధిలోకి వస్తుంది! పొద్దున 8 నుంచి 11 దాకా! దాని పేరు 'ఉముగాండా'. ఆ మూడు గంటలూ దుకాణాలు మూసి ఉంటాయి. రోడ్ల మీద బళ్ళు దాదాపు కనబడవు. ఊరి వాళ్ళంతా గడ్డి కోస్తూ, కాలువ తీస్తూ, చెత్త ఏరుతూ కనబడతారు. ఆ దేశానికి ప్లాస్టిక్ సంచి పట్టుకుని విమానం దిగారా? సంచి అక్కడే పెట్టేసి వెళ్ళాలి! 2008 నుంచి నిషేధం!

ఐర్లండ్ వాళ్ళు ఏ నిషేధమూ పెట్టలేదు. సంచికి 15 సెంట్లు పన్ను వేశారు, అంతే! 2002లో. అప్పటిదాకా మనిషికి ఏడాదికి 328 సంచులు వాడేవాళ్ళు. పన్ను పడ్డాక ఎన్నో ఊహించండి. 21! మూడు వందలకి పైగా సంచులు ఏ గాలికి పోయాయో! రోడ్డు పక్క కంచెలకి మాత్రం వేలాడలేదు!

మన దేశంలో క్యారీబ్యాగు మందం 120 మైక్రాన్లు ఉండి తీరాలి. మన తలవెంట్రుక కన్నా కాస్త మందం! పలచటి సంచి కదా ప్లాస్టిక్ తక్కువ, అది మంచిది కాదా అంటారేమో. కాదు మరి! పలచటి సంచి గాలికి ఎగిరి చెట్టెక్కుతుంది. చెత్త ఏరుకునేవాళ్ళు దాన్ని ముట్టుకోరు, వంద ఏరినా తూకం రాదు. మందం సంచికి బరువుంది, బరువుకి డబ్బుంది, డబ్బుంటే చెయ్యి వంగుతుంది!

గుట్కా ప్యాకెట్ ప్లాస్టిక్ మీద ఏకంగా సుప్రీంకోర్టే కూర్చుంది! 2011 మార్చి నుంచి గుట్కా, పాన్‌మసాలా ప్లాస్టిక్ సాచెట్లలో అమ్మకూడదంది. బొటనవేలంత ప్యాకెట్ కోసం దేశంలోకెల్లా పెద్ద కోర్టు!

పాన్ ఉమ్మి ఇనుముని తింటుంది, విన్నారా? కోల్‌కతా హౌరా వంతెన ఇనుప స్తంభాల అడుగు భాగాలకి 6 మిల్లీమీటర్ల మందం తొడుగు ఉండేది. జనం ఉమ్మి ఉమ్మి కొన్నేళ్ళలో అది సగానికి అరిగింది! బళ్ళూ వరదలూ చెయ్యలేని పని సున్నం, వక్క, తమలపాకు కలిసి చేశాయి. చివరికి స్తంభాలకి ఫైబర్ తొడుగులు వేశారు. ఉమ్మేవాళ్ళని మార్చడం కన్నా వంతెనకి చొక్కా తొడగడం తేలికని తేలింది!

సిగరెట్ పీక దూది అనుకుంటారు చాలామంది. అది ప్లాస్టిక్! సెల్యులోజ్ ఎసిటేట్ అనే పదార్థం. కాళ్ళ కింద నలిపితే పోదు, వాన పడితే కరగదు. ప్రపంచంలో ఏటా నేల మీద పడే పీకలు సుమారు 4.5 లక్షల కోట్లని అంచనా! జేబులో పట్టేంత చెత్తే. అందుకే దాన్నెవరూ చెత్తగా లెక్క వెయ్యరు!

దానికి లండన్‌లో ఓ చిలిపి మందు కనిపెట్టారు. 2015లో విల్లియర్స్ వీధిలో పసుప్పచ్చ డబ్బా ఒకటి పెట్టారు. దాని మీద ప్రశ్న: మేటి ఆటగాడు రొనాల్డోనా, మెస్సీనా? రెండు చిల్లులు, రెండు గాజు గదులు. మీ పీకే మీ ఓటు! ఎవరికెన్ని పడ్డాయో బయటికి కనబడుతుంది! జనం వెతుక్కుంటూ వచ్చి మరీ వేశారు. మన బస్టాండుల్లో ఆవకాయా, గోంగూరా అని పెట్టి చూడాలి. హీరోల పేర్లు మాత్రం వద్దు బాబూ, డబ్బా మిగలదు!

స్టాక్‌హోమ్ పార్కులో ఇంకో వింత డబ్బా! అందులో ఏదైనా వేస్తే కొండ మీంచి పాతాళంలోకి పడుతున్నట్టు "సుయ్య్య్..." అని చప్పుడు, ఎనిమిది సెకన్లకి 'ధన్'! లోపల ఏమీ లేదు, ఒక స్పీకరు. పిల్లలే కాదు, పెద్దవాళ్ళు కూడా తలకాయ లోపల పెట్టి చూశారు. పారేయడానికి చేతిలో ఏమీ లేక నేల మీద వెతికి తెచ్చి వేశారు! ఒక్క రోజులో 72 కిలోలు! దగ్గర్లోని మామూలు డబ్బా కన్నా 41 కిలోలు ఎక్కువ!

కోపెన్‌హాగన్‌లో డబ్బాకి దారి చూపించారు. రోడ్డు మీద ఆకుపచ్చ అడుగులు! లక్ష్మీదేవి పాదాల్లాగా వరసగా వెళ్ళి డబ్బా ముందు ఆగుతాయి. పరిశోధకులు దారిన పోయేవాళ్ళకి చాక్లెట్లు పంచి, రేపర్లు ఎక్కడ పడ్డాయో ఏరుకుంటూ తిరిగారు. అడుగులు వేశాక నేల మీద రేపర్లు 46 శాతం తగ్గాయి! అడుగుల రంగు డబ్బా ఖర్చులో ఎన్నో వంతో మీరే ఊహించుకోండి!

కేదార్‌నాథ్ దారిలో నీళ్ళ సీసా మీద ఉండే క్యూఆర్ కోడ్ వెనక మన హైదరాబాదుంది! రీసైకల్ అనే హైదరాబాదు సంస్థ 2022లో అక్కడ ఓ ఏర్పాటు చేసింది. సీసా కొంటే 10 రూపాయలు అదనం. ఖాళీ సీసా తిరిగి ఇస్తే 10 రూపాయలు వెనక్కి! మీరే ఇవ్వాలని లేదు, దారిలో ఏరినవాళ్ళు ఇచ్చినా డబ్బు వాళ్ళదే. పది రూపాయలు నేల మీద పడి ఉంటే ఎవరు వదిలేస్తారు చెప్పండి! మన చిన్నప్పుడు గోళీసోడా కొట్టువాడు సీసా ఇస్తేనే కదలనిచ్చేవాడు. ఆ లెక్కే!

నీలగిరుల్లో అదే 10 రూపాయలు ఏనుగుల కాళ్ళు కాపాడుతున్నాయి! అడవి పక్క రోడ్ల మీద తాగి విసిరేసిన సీసాలు పగిలి ఏనుగులకి గుచ్చుకునేవి. మద్రాసు హైకోర్టు కన్నెర్ర చేసింది. ప్రభుత్వ మద్యం దుకాణాల్లో సీసాకి 10 రూపాయలు ఎక్కువ తీసుకుని, ఖాళీ తెస్తే తిరిగి ఇవ్వడం మొదలైంది. తాగినవాడు మరిచిపోయినా సీసా మాత్రం ఇల్లు చేరుతుంది!

జర్మనీలో ఆ లెక్క 25 సెంట్లు. తిరిగొచ్చే సీసాలు నూటికి సుమారు 98! అక్కడ కొందరు ఖాళీ సీసాని డబ్బాలో వెయ్యరు. డబ్బా పక్కన నిలబెట్టి పోతారు. లేనివాళ్ళు చెయ్యి పెట్టి వెతుక్కోకుండా తీసుకుపోవాలని! ఈ ఒక్క ముక్క నాకు ఆ 98 కన్నా గొప్పగా అనిపించింది.

ఛత్తీస్‌గఢ్‌లోని అంబికాపూర్‌లో ఓ హోటలుంది. అక్కడ డబ్బు అడగరు! 1 కిలో ప్లాస్టిక్ చెత్త ఏరి తెస్తే కడుపు నిండా భోజనం! అర కిలో తెస్తే టిఫిను!

అస్సాంలో ఓ బడి ఫీజు కూడా అలాగే! గువాహటి దగ్గర అక్షర్ అనే బడిలో పిల్లలు వారానికి 25 ప్లాస్టిక్ ముక్కలు తేవాలి. మొదట్లో ఆ చుట్టుపక్కల ఇళ్ళలో చలికి ప్లాస్టిక్ కాల్చుకునేవాళ్ళు. పొగ తరగతి గదుల్లోకి వచ్చేది. ఇప్పుడు కాల్చడం ఎలా? ఫీజు తగలబడిపోతుంది కదా!

ఆ ప్లాస్టిక్కే మళ్ళీ రోడ్డు అవుతుంది! మదురైలో రసాయన శాస్త్రం చెప్పే రాజగోపాలన్ వాసుదేవన్ గారు వేడి కంకర మీద ప్లాస్టిక్ తురుము చల్లి, పైన తారు కలిపారు. 2002లో తన కాలేజీ ఆవరణలోనే రోడ్డు వేసి చూపించారు. ఒకే వరస రోడ్డు కిలోమీటరుకి దాదాపు 1 టన్ను ప్లాస్టిక్ పడుతుంది! రోడ్డు పక్క పడాల్సింది రోడ్డులోనే పడుకుంది! 2018లో పద్మశ్రీ కూడా వచ్చింది ఆయనకి.

తిరుమల లడ్డూ సంచి ఎవరు తయారు చేశారో తెలుసా? క్షిపణులు చేసేవాళ్ళు! డీఆర్‌డీఓ వారి హైదరాబాద్ ప్రయోగశాల పనితనం అది. 2021లో వచ్చింది. చూడ్డానికి ప్లాస్టిక్ లాగే ఉంటుంది. నేలలో పడితే 90 రోజుల్లో కలిసిపోతుంది! లడ్డూ మాత్రం 9 నిమిషాలు కూడా ఆగదు, అది వేరే సంగతి!

ఇప్పుడు చెప్పేది కాస్త గుండె గట్టి చేసుకుని వినండి. 2019లో చెన్నైలో ఒక ఆవు కడుపులోంచి డాక్టర్లు తీసిన ప్లాస్టిక్ ఎంతో తెలుసా? 52 కిలోలు! ఐదు గంటల ఆపరేషను! మిగిలిన కూర, అన్నం సంచిలో కట్టి ముడి వేసి పారేస్తాం చూడండి, ఆ ముడి విప్పడానికి దానికి చేతులు లేవు.

ఆవు కడుపు గోడు సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది మన పుట్టపర్తి నుంచే! 2012లో! అక్కడి కరుణ సొసైటీ అనే జంతు సంరక్షణ సంస్థ ప్లాస్టిక్ సంచుల మీద పిటిషను వేసింది. వీధి ఆవులే వాళ్ళ సాక్ష్యం!

కొబ్బరిబోండాం తాగి చిప్ప విసిరారా? అందులో చెంచాడు నీళ్ళు చాలు, డెంగీ దోమ కాపురం పెట్టేస్తుంది. నీళ్ళు ఎండిపోతే పీడ పోయిందనుకోకండి! దాని గుడ్లు ఎండిన చిప్పకి అతుక్కుని 8 నెలల దాకా బతుకుతాయి! ఎండాకాలం విసిరిన చిప్పకి వానాకాలంలో బిల్లు!

సరే, పడేసేవాళ్ళని పట్టించడం ఎలా? ఇక్కడే అసలు మజా! అమెరికాలోని టెక్సస్‌లో కారులోంచి చెత్త విసిరేవాళ్ళ నంబరు మీరు రాసి పంపొచ్చు. అధికారులు బండి యజమానికి ఏం పంపిస్తారో తెలుసా? ఒక ఉత్తరం, దానితో ఒక చెత్త సంచి! దొరికితే జరిమానా 500 డాలర్ల దాకా ఉందని తెలిసిన మనిషికి, ఇంటికి వచ్చిన ఖాళీ సంచి చాలు. భార్య అడిగే ప్రశ్నలు అదనం!

అదే టెక్సస్‌లో రోడ్డునీ దత్తత ఇస్తారు! ఓ ఇంజనీరు ముందు పోతున్న బండిలోంచి చెత్త ఎగిరిపడటం చూసి పుట్టించిన ఆలోచన ఇది. 1985లో టైలర్ ఊరి దగ్గర మొదటి బోర్డు పడింది. రెండు మైళ్ళ రోడ్డు మీ పిల్ల అన్నమాట. మీ పేరు బోర్డు మీద, చీపురు మీ చేతిలో! అది అమెరికా అంతా పాకింది. అక్కడి మన తెలుగు సంఘాలు కూడా శనివారం పొద్దున్నే నారింజ రంగు జాకెట్లు వేసుకుని ఏరుతున్నాయి. ఊళ్ళో అమ్మానాన్నలకి ఆ ఫొటో పంపితే "చదివించింది ఇందుకా!" అంటారేమో గానీ, ఎదురింటివాళ్ళకి చూపించుకోకుండా ఉండరు!

టెక్సస్ వాళ్ళ ప్రచారం ఇంకా గమ్మత్తు. చెత్త ఎక్కువ వేసేది పికప్ బళ్ళు నడిపే కుర్రాళ్ళని తేలింది. వాళ్ళకి "దయచేసి" అంటే ఎక్కుతుందా? అందుకే "టెక్సస్‌తో పెట్టుకోకు!" అని కొట్టినట్టు నినాదం రాశారు. నాలుగేళ్ళలో రోడ్డు చెత్త 72 శాతం తగ్గింది! ఆ నినాదం టీషర్టులెక్కింది. ఇప్పుడు అది చెత్త గురించి పుట్టిందని చాలామందికి తెలియనే తెలియదు!

ఇంగ్లండ్‌లో కారులోంచి చిప్స్ ప్యాకెట్ ఎవరు విసిరినా, జరిమానా కారు యజమానికే! 2018 నుంచి రూలు. వెనక సీటు బామ్మర్దిని నమ్మి బండి ఇవ్వకూడదన్నమాట!

సింగపూర్‌లో డబ్బు కట్టి తప్పించుకోవడం కూడా కుదరదు. మళ్ళీ మళ్ళీ దొరికినవాళ్ళ చేత మెరిసే జాకెట్ తొడిగించి, నడిరోడ్డు పక్క చెత్త ఏరిస్తారు! 1992 నుంచి ఇదే శిక్ష. జాకెట్ ఎందుకు మెరుస్తుందంటారు? అందరికీ కనబడాలని!

హాంకాంగ్‌లో ఇంకా ఘోరం! 2015లో రోడ్డు మీద దొరికిన పీకలు, చూయింగ్ గమ్‌ల నుంచి డీఎన్ఏ తీశారు. దాన్నిబట్టి పారేసినవాళ్ళ ముఖాలు కంప్యూటర్‌తో ఊహించి గీశారు. ఆ ముఖాలు పోస్టర్లయి బస్టాపుల్లో వేలాడాయి! ఉమ్మితో వేలిముద్ర వేసినట్టే!

కేరళలో ఓ పర్యాటకుడు పడవలో పోతూ ఊరికే వీడియో తీస్తున్నాడు. ఒడ్డున ఉన్న ఇంట్లోంచి ఏదో పొట్లం నీళ్ళలో పడింది. అది ఓ ప్రముఖ గాయకుడి ఇల్లు! 2025లో ఆ వీడియో బయటికొచ్చి పంచాయతీ వేసిన జరిమానా 25,000 రూపాయలు! అందులో పదో వంతు, వీడియో తీసిన మనిషికి బహుమతి!

బెంగళూరు వాళ్ళు 2025లో ఏకంగా పండగే చేశారు! 'కస సురియువ హబ్బ', అంటే చెత్త పోసే పండగ! రోడ్డు మీద సంచి విసిరినవాళ్ళని వీడియో తీసి, ఇల్లు వెతికి, ఆ ఇంటి గుమ్మం ముందే చెత్త కుమ్మరించారు. జరిమానా కట్టాక ఎత్తుకెళ్ళారు. ఇస్తినమ్మ వాయనం, పుచ్చుకుంటినమ్మ వాయనం!

చెత్త ఏరితే కోట్లు వస్తాయా? వచ్చాయి! కేరళ పరప్పనంగడిలో ఇంటింటి ప్లాస్టిక్ ఏరే హరిత కర్మసేన అక్కలు 11 మంది చందాలు వేసుకుని 250 రూపాయల లాటరీ టికెట్ కొన్నారు. చేతిలో అంత కూడా లేని ఇద్దరు కలిసి సగం సగం వేసుకున్నారు! 2023లో ఆ టికెట్‌కి 10 కోట్లు తగిలాయి! లాటరీ కొనమని చెప్పట్లేదు సుమా!

ఒక దేశం మొత్తం ఒక్క రోజులో శుభ్రమైందంటే నమ్ముతారా? ఎస్తోనియా! 2008 మే 3న 50,000 మంది కదిలి 10,000 టన్నుల దొంగ చెత్త ఎత్తేశారు! ఆ రోజు చేసిన పని సగమే. మిగతా సగం అంతకు ముందే అయిపోయింది. కుర్రాళ్ళు ఫోన్లు పట్టుకుని అడవులూ రోడ్లూ తిరిగి, కుప్ప కనబడిన ప్రతి చోటునీ పటం మీద చుక్క పెట్టారు. పొద్దున్నే ఎవరు ఏ చుక్క దగ్గరికి వెళ్ళాలో అందరికీ తెలుసు!

ఆ చుక్క మీరూ పెట్టొచ్చు! స్వచ్ఛతా యాప్ 2016 నుంచీ ఉంది. కుప్పని ఫొటో తీస్తే చాలు, చోటు అదే పట్టుకుని మున్సిపాలిటీకి చేరవేస్తుంది. హైదరాబాద్ వాళ్ళు యాప్ గొడవ లేకుండా జీహెచ్‌ఎంసీకి ఫోనే చేసేవాళ్ళు. నంబరు నోటికొచ్చేస్తుంది చూడండి: 040 తర్వాత ఒక 2, వెనక ఏడు 1లు! ఫొటో తీసేటప్పుడు చిన్న కిటుకు: కుప్ప ఒక్కటే తీయకండి. కరెంటు స్తంభం, దుకాణం బోర్డు, మెట్రో పిల్లర్ ఏదో ఒకటి పక్కన పడనివ్వండి. పిల్లర్ నంబరుతో పెళ్ళి పత్రికలే ఇళ్ళు చేరుతున్నాయి, చెత్త బండి చేరదా!

టోల్ ప్లాజా మరుగుదొడ్డి ఫొటోకి 1,000 రూపాయలిచ్చారంటే నవ్వుతారా? 2025 అక్టోబరులో జాతీయ రహదారుల సంస్థ ఇచ్చింది! మురికిగా ఉన్న దొడ్డిని రాజ్‌మార్గ్‌యాత్ర యాప్‌లో పెడితే ఫాస్టాగ్‌లో వెయ్యి పడింది! ముక్కు మూసుకుని ఫొటో తీయడానికి తగిన కూలే!

హైవే మీద చెత్త లారీ దొంగచాటుగా కుమ్మరించి పోయిందనుకోండి. ఎవరికి చెప్పాలి? మైలురాయి నెత్తి చూడండి! పసుపు రంగా? జాతీయ రహదారి. 1033కి ఫోన్ కొట్టండి! ఆకుపచ్చా? రాష్ట్ర రహదారి, ఆర్ అండ్ బీ వాళ్ళది. నారింజా? గ్రామ సడక్ రోడ్డు. ఇన్నేళ్ళుగా ఆ రాళ్ళు మనతో రంగుల్లో మాట్లాడుతూనే ఉన్నాయి, మనం బంధువుల ఊరు ఎంత దూరమో మాత్రమే చదువుకున్నాం!

చోటు కచ్చితంగా ఎలా చెప్పాలంటారా? ఆఖరి గుట్టు ఇదే! రెండు కిలోమీటరు రాళ్ళ మధ్య గడ్డిలో చిన్న చిన్న రాళ్ళుంటాయి. 200 మీటర్లకి ఒకటి! వాటి మీద 2, 4, 6, 8 అని ఉంటుంది. "143 దాటాక 6 రాయి దగ్గర" అన్నారంటే, ఇల్లు నంబరు చెప్పినట్టే! ఈసారి బస్సులో కిటికీ పక్క సీటు దొరికితే లెక్క పెట్టండి. నాలుగు చిన్నరాళ్ళు, ఐదోది పెద్దరాయి. తప్పితే నన్నడగండి!